కాకిబంగారం నుంచి కలగూరగంప దాకా

అమ్మానాన్నలు అమెరికా వస్తే మనం తప్పనిసరిగా చేయించే యాత్రలు రెండు మూడున్నాయి. అందులో మొదటిది నయాగరా. అద్దె వ్యాను, పులిహోర పొట్లాలు, నీలం రంగు ప్లాస్టిక్ కోట్లు, పడవ ముందు ఫొటో. మేమూ అలాగే వెళ్ళాం. జలపాతం చూసి, తడిసి, తిరిగి వ్యాను ఎక్కబోతుంటే నాన్నతో అన్నాను: "నాన్నా, మన గూడూరు అభ్రకానికి పోటీ పుట్టిన ఊరు ఇదే."

నాన్న నమ్మలేదు. "ఏందిరా నువ్వు చెప్పేది? ఇక్కడ నీళ్ళు తప్ప ఏముంది?" అన్నారు.

ఆయన అనుమానంలో న్యాయం ఉంది. ఆ నీళ్ళే అసలు కారణం. 1895లో ఇక్కడ పెద్ద ఎత్తున జలవిద్యుత్తు మొదలయింది. కరెంటు చవకగా దొరికే చోటికి, కొలిమిలో కరెంటు తాగే పరిశ్రమలన్నీ వచ్చి చేరాయి. వాటిలో ఒకటి టైటానియం అలాయ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ. 1942లో ఆ కంపెనీలో వైనర్, సాలొమన్ అనే ఇద్దరు పరిశోధకులు తయారుచేసిన ఒక తెల్లటి పింగాణీ లాంటి పదార్థం కథే ఈ వ్యాసంలో సగం. మిగతా సగం, ఆ పదార్థం మనవరాలి లాంటి కొత్త పదార్థాల కథ. రెండు సగాలకీ మొదలు మాత్రం మా నెల్లూరు జిల్లా మట్టిలో ఉంది.

అవ్వ గోటి కింద రేకులు

గూడూరు, సైదాపురం, రాపూరు వైపు పెరిగినవాళ్ళకి అభ్రకం గురించి చెప్పనక్కర్లేదు. ఎండలో రోడ్డు పక్క మట్టి మెరుస్తుంటుంది. పిల్లలు దాన్ని కాకిబంగారం అంటారు. పలక మీద అతికించుకుంటారు, బొమ్మల కొలువులో చల్లుతారు. నాన్న వాళ్ళ మేనత్తను మేము అవ్వ అనేవాళ్ళం. ఆవిడ పెళ్ళికి ముందు, తరవాత కొన్నేళ్ళు అభ్రకం గోడౌనులో పని చేసింది. అక్కడ ఆడవాళ్ళంతా వరసగా కూర్చుని, చిన్న చాకుతో దిమ్మ అంచున గీటు పెట్టి, రేకులు రేకులుగా విడదీసేవారట. ఒక్కో రేకునీ వెలుగుకి అడ్డంగా పట్టుకుని, మచ్చ లేనిది ఒక కుప్ప, కొద్దిగా మచ్చ ఉన్నది ఇంకో కుప్ప, నల్లచుక్కలున్నది మరో కుప్పగా వేసేవారు. మచ్చని బట్టే ధర. అవ్వకి ముసలితనంలో కూడా ఒక అలవాటు ఉండేది. ఏ కాగితం చేతికిచ్చినా ముందు వెలుగులోకి ఎత్తి చూసేది.

అభ్రకం ఒక సిలికేటు. పొటాషియం, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్, కాస్త హైడ్రోజన్. దాని గొప్పతనమంతా పరమాణువులు పేర్చుకున్న తీరులో ఉంది. పొరలోపల బంధాలు గట్టివి, పొరకీ పొరకీ మధ్య బంధాలు బలహీనమైనవి. అందుకే పుస్తకంలో పుటల్లాగా విడిపోతుంది. గనివాళ్ళు పెద్ద స్ఫటికాలని ఇంగ్లీషులో 'బుక్' అనే అంటారు. నెల్లూరు జిల్లా ఇనికుర్తి గనిలో పదడుగుల వెడల్పున్న బుక్కులు దొరికాయని ఇరవయ్యో శతాబ్దం తొలినాటి గ్రంథాలు రాశాయి. బీహారు (ఇప్పుడు జార్ఖండు) కోడెర్మా వైపు అభ్రకం కాస్త ఎరుపు, నెల్లూరుది కాస్త ఆకుపచ్చ.

ఇంత మెరిసే రాయి ప్రపంచానికి ఎందుకు కావలసి వచ్చింది? అందానికి కాదు. కరెంటుకి.

కండెన్సరు సంగతి

ఇంట్లో సీలింగు ఫ్యాను తిరగకపోతే ఎలక్ట్రీషియను వచ్చి "కండెన్సరు పోయిందండీ" అంటాడు. అదే కెపాసిటరు. రెండు లోహపు రేకులు, వాటి మధ్య కరెంటుని దాటనివ్వని ఒక పదార్థం, అంతే. రేకుల మీద విద్యుదావేశాన్ని కాసేపు దాచి, అడిగినప్పుడు ఇచ్చేస్తుంది. 1745, 1746 సంవత్సరాలలో జర్మనీలో క్లైస్టు, హాలండులో ముషెన్‌బ్రూక్ గాజుసీసాతో చేసింది మొదటి కెపాసిటరు. 1837లో ఫారడే ఒక సంగతి తేల్చాడు. రేకుల మధ్య గాలి ఉంటే దాగే ఆవేశం కన్నా, గాజో లక్కో పెడితే దాగేది ఎక్కువ. మధ్యనున్న పదార్థం ఊరికే అడ్డంగా నిలబడదు, తనూ పాలుపంచుకుంటుంది. దాని లోపలి ధన, ఋణ ఆవేశాలు కొద్దిగా అటూ ఇటూ జరిగి రేకుల పనికి సాయపడతాయి. ఇలాంటి పదార్థాన్ని డైఎలెక్ట్రిక్ అంటారు. మన తెలుగు మీడియం పుస్తకాలలో రోధకం. గాలితో పోలిస్తే ఎన్ని రెట్లు సాయం చేస్తుందో చెప్పే అంకె రోధక స్థిరాంకం.

అభ్రకానికి ఈ అంకె ఆరు, ఏడు దాకా ఉంటుంది. ఏమంత పెద్దది కాదు. కానీ దాన్ని వెంట్రుక కన్నా పలుచగా చీల్చవచ్చు. ఎంత పలుచగా చేస్తే కెపాసిటరు అంత బలంగా ఉంటుంది. వేడికి చెడదు, తేమకి ఉబ్బదు, ఎక్కువ వోల్టేజికి తూట్లు పడదు. 1909లో విలియం డుబిలియర్ అనే అమెరికన్ అభ్రకంతో చిన్న కెపాసిటర్లు చేశాడు. రేడియో యుగం వాటి మీదే నడిచింది. రేడియోల్లోని వాల్వుల లోపల తీగల్ని కదలకుండా పట్టుకున్న చిన్న బిళ్ళలు కూడా అభ్రకమే. విమానాల స్పార్కు ప్లగ్గుల్లోనూ అదే. అవ్వ చీల్చిన రేకు ఏ దేశంలో ఏ రేడియోలో పాడిందో ఆవిడకి తెలియదు. ఆ రేడియో విన్నవాళ్ళకి అవ్వ సంగతి తెలియదు.

1942 ఏప్రిలు

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి మేలురకం రేకు అభ్రకం కోసం మిత్రదేశాలు ముఖ్యంగా ఇండియా మీదే ఆధారపడి ఉన్నాయి. రేడియోలు, రాడార్లు, విమానాలు అన్నిటికీ అదే కావాలి. నెల్లూరు సరుకు మద్రాసు రేవు నుంచి వెళ్ళాలి. 1942 ఏప్రిలు మొదటి వారంలో జపాను నౌకాదళం బంగాళాఖాతంలోకి వచ్చి ఇరవైకి పైగా సరుకు ఓడల్ని ముంచేసింది. ఏప్రిలు 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. మద్రాసు సగం ఖాళీ అయింది. మన పెద్దవాళ్ళు చెప్పే 'బాంబుల భయం' రోజులు అవే. అట్లాంటిక్‌లో జర్మను జలాంతర్గాములు సరే సరి. అమెరికా, బ్రిటన్ కలిసి అభ్రకం కొనుగోలు కోసం ప్రత్యేకంగా జాయింట్ మైకా మిషన్ అని ఒకటి ఇండియాలో పెట్టాయంటే ఆ రాయి విలువ తెలుస్తుంది.

రాయి రాకపోతే ఏం చెయ్యాలి? ఆ ప్రశ్న ప్రయోగశాలలకి వెళ్ళింది. టైటానియం ఆక్సైడు రోధక స్థిరాంకం వంద దాకా ఉంటుందని అప్పటికే తెలుసు. దానికి ఇంకేదైనా కలిపితే? నయాగరాలో వైనర్, సాలొమన్ బేరియం కలిపి కాల్చి చూశారు. అంకె వెయ్యి దాటింది. ఇదే బేరియం టైటనేటు. ఇందులో విశేషమేమిటంటే, 1942 నుంచి 1945 లోపు జపానులో ఒగావా బృందం, సోవియట్ యూనియనులో వుల్, గోల్డ్‌మాన్ కూడా ఎవరికి వారే దీన్ని కనుక్కున్నారు. ఒకరితో ఒకరు యుద్ధం చేస్తున్నవాళ్ళు, ఒకే కొరత తరుముతుంటే, ఒకే తలుపు తట్టారు.

వెయ్యి ఎలా వచ్చింది? ఈ పదార్థంలో పరమాణువుల అమరికని పెరోవ్‌స్కైటు అంటారు. 1839లో ఉరల్ పర్వతాలలో దొరికిన ఒక ఖనిజం పేరు అది. ఆక్సిజన్లు కట్టిన పంజరం మధ్యలో టైటానియం కూర్చుని ఉంటుంది. 120 డిగ్రీల సెల్సియస్ కంటే పైన సరిగ్గా మధ్యలో ఉంటుంది. చల్లబడితే పక్కకి ఒరుగుతుంది. పంజరంలో చిలక ఒక మూలకి జరిగినట్టు. ఇలా లక్షల కోట్ల చిలకలు ఒకే వైపు ఒరిగితే ఆ పదార్థంలో విద్యుత్తుకి ఒక దిశ వస్తుంది. బయటి నుంచి కొద్దిపాటి వోల్టేజి ఇస్తే చాలు, అన్నీ కలిసి వైపు మారుస్తాయి. అందుకే అంత పెద్ద అంకె. ఎం.ఐ.టి.లో వాన్ హిప్పెల్ బృందం యుద్ధం ముగిసే నాటికి ఈ సంగతి తేల్చింది. ఇంగ్లండులో హెలెన్ మెగా 1945లో ఎక్స్‌కిరణాలతో దాని నిర్మాణం ప్రకటించింది.

ఇవాళ మన జేబులో ఉన్న సెల్‌ఫోనులో వెయ్యి దాకా కెపాసిటర్లుంటాయి. ఆవగింజలో ముక్కంత ఉండే ఆ కెపాసిటర్లలో చాలావాటి లోపల, మైక్రాను కంటే పలుచని పొరలుగా వందలాదిగా పేర్చి ఉన్నది బేరియం టైటనేటే. పొరలుగా పేర్చడమనే పద్ధతి మాత్రం అభ్రకం నాటిదే.

ఒక దిద్దుబాటు

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. "నయాగరాలో పుట్టిన పింగాణీ మా గూడూరు గనుల్ని మూయించింది" అని నేను చాలామందికి చెప్పాను. మా పిల్లలకీ చెప్పాను. చెప్పడానికి బాగుంటుంది. కానీ లెక్క కుదరదు. యుద్ధం అయ్యాక కూడా ఎన్నో ఏళ్ళు గనులు నడిచాయి. అవ్వ గోడౌనులో పనిచేసింది యుద్ధం తరవాతే. బేరియం టైటనేటు అంకె పెద్దదే గాని, ఉష్ణోగ్రత మారితే అదీ మారుతుంది. కచ్చితత్వం కావలసిన చోట అభ్రకం కెపాసిటరే వాడారు, ఇప్పటికీ కొన్నిచోట్ల వాడుతున్నారు. అభ్రకాన్ని ఎక్కువ దెబ్బతీసింది పోటీ పదార్థం కాదు, అవసరం తప్పిపోవడం. ట్రాన్సిస్టరు వచ్చి వాల్వు పోయింది. వాల్వుతో పాటు దాని లోపలి అభ్రకం బిళ్ళ పోయింది. ఆ తరవాత పెద్ద కొనుగోలుదారుగా మిగిలిన సోవియట్ యూనియను 1991లో లేకుండా పోయింది.

అంటే ఒక వస్తువుని ఇంకో వస్తువు ఓడించడం కన్నా, ఆ వస్తువు అవసరమైన లోకమే మెల్లగా మారిపోవడం ఎక్కువ జరుగుతుంది. సాఫ్ట్‌వేరు పని చేసే నాబోటివాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవడం మంచిది.

మచ్చకి వచ్చిన మర్యాద

అవ్వ పక్కకి తీసేసిన నల్లచుక్కల రేకుల్ని ఇప్పుడు తలుచుకుందాం. ఆ చుక్కలేమిటి? చాలావరకు ఇనుము ఆక్సైడులు. అందులో ఒకటి మాగ్నటైటు, అంటే సూదంటురాయి. అభ్రకంలో అది మచ్చ, ధర తగ్గించే దోషం. కానీ ఆ దోషానికే వేరే చోట పెద్దపీట వేశారు.

1930లో టోక్యోలో కాటో, టకేయి అనే ఇద్దరు ఇనుము ఆక్సైడుకి వేరే లోహాల ఆక్సైడులు కలిపి కాల్చి ఫెర్రైటు అనే అయస్కాంత పింగాణీలు చేశారు. 1935లో దాని కోసమే ఒక కంపెనీ పుట్టింది. క్యాసెట్ల మీద మనం చూసిన టి.డి.కె. అదే. ఫెర్రైటులో ఒక వింత ఉంది. జింకుకి అయస్కాంత గుణం లేదు. కానీ కొంత జింకు కలిపితే ఫెర్రైటు అయస్కాంత బలం తగ్గకపోగా పెరుగుతుంది! దీనికి కారణం 1948లో ఫ్రాన్సులో లూయీ నీల్ చెప్పాడు. లోపల రెండు జట్లు తాడులాగుడు ఆడుతున్నాయి. పెద్ద జట్టు గెలుస్తోంది గాని, చిన్న జట్టు లాగుతున్నంత బలం అందులోంచి తరిగిపోతోంది. జింకు వెళ్ళి చిన్న జట్టులో చేరుతుంది. అది తాడు లాగదు. దాంతో పెద్ద జట్టు బలం పైకి తేలుతుంది. నీల్‌కి 1970లో నోబెల్ బహుమతి వచ్చింది.

1953లో ఎం.ఐ.టి.లో వర్ల్‌విండ్ అనే కంప్యూటరుకి జే ఫారెస్టరు బృందం ఫెర్రైటు ఉంగరాలతో జ్ఞాపకశక్తి అమర్చింది. ఒక్కో ఉంగరం ఒక్కో బిట్టు. ఆ బుల్లి ఉంగరాల గుండా తీగలు ఎక్కించింది ఎక్కువగా ఆడవాళ్ళే, చేత్తో. గూడూరు గోడౌనులో అభ్రకం చీల్చిన చేతులూ, మసాచుసెట్సులో ఉంగరాలు గుచ్చిన చేతులూ ఒకే కాలానివి. ప్రోగ్రాము కూలిపోయినప్పుడు మేము ఇప్పటికీ 'కోర్ డంప్' అంటాం. ఆ 'కోర్' ఈ ఫెర్రైటు ఉంగరమే. ఉంగరాలు పోయి యాభై ఏళ్ళు దాటింది, మాట మిగిలింది.

గమనించండి. అభ్రకం విషయంలో మనిషి చేసింది ఏరడం. ప్రకృతి చేసిన స్ఫటికాలలో మచ్చలేనిది ఏరుకోవడం. బేరియం టైటనేటు, ఫెర్రైటు విషయంలో చేసింది కలపడం. అయితే భయం భయంగా కలపడం. ఒక ముఖ్య పదార్థం, దానికి చిటికెడు ఇదీ, చిటికెడు అదీ. కూరలో ఉప్పు కారం వేసినట్టు. అయిదు కూరలూ సమానంగా ఒకే కుండలో వేసి చూద్దామన్న ఆలోచన ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా ప్రధాన దారి కాలేదు.

అయిదూళ్ళ పెళ్ళి

2004లో తైవానులో యే, ఇంగ్లండులో కాంటర్, విడివిడిగా ఆ పని లోహాలతో చేశారు. అయిదు లేక అంతకు మించి లోహాలు, దాదాపు సమాన పాళ్ళలో. విడివిడి ముక్కలుగా గడ్డ కడతాయనుకుంటే, చక్కగా ఒకే స్ఫటిక నిర్మాణంలో కుదురుకున్నాయి. వీటికి హై ఎంట్రోపీ మిశ్రలోహాలని పేరు. ఈ విషయంలో మనవాళ్ళ పాత్ర చిన్నది కాదు. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో పనిచేసిన ఎస్. రంగనాథన్ 2003లోనే వీటి గురించి 'కరెంట్ సైన్సు' పత్రికలో రాశారు. యే, రంగనాథన్‌లతో కలిసి 2014లో వీటి మీద పుస్తకం తెచ్చిన బి.ఎస్. మూర్తి 2019లో ఐ.ఐ.టి. హైదరాబాదు డైరెక్టరు అయ్యారు.

2015లో నార్త్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీలో క్రిస్టీనా రాస్టు, జాన్ పాల్ మరియా బృందం ఇదే పని ఆక్సైడులతో చేసింది. మెగ్నీషియం, కోబాల్టు, నికెలు, రాగి, జింకు ఆక్సైడులు అయిదూ సమపాళ్ళలో కలిపారు. వీటిలో మొదటి మూడూ మన ఉప్పు స్ఫటికం తీరులో ఉండేవి. రాగి ఆక్సైడుకీ, జింకు ఆక్సైడుకీ ఆ తీరు పడదు, వాటి ఇల్లు వేరు. కానీ సుమారు 875 డిగ్రీలు దాటాక అయిదూ కలిసి ఒకే ఉప్పు తీరు స్ఫటికం అయిపోయాయి. మెల్లగా చల్లార్చి ఆ వేడికి దిగువన ఉంచితే మళ్ళీ విడిపోయాయి. వేడి చేస్తే మళ్ళీ కలిశాయి. ఇలా కలిపి ఉంచుతున్నది రసాయన స్నేహం కాదు, ఎంట్రోపీ అని దీనితో రుజువయింది.

ఎంట్రోపీ అంటే ఏమిటి? పెళ్ళికి అయిదూళ్ళ వాళ్ళు వచ్చారనుకోండి. మొదట్లో ఎవరి ఊరి వాళ్ళు వాళ్ళ పక్కనే కూర్చుంటారు. అది వాళ్ళకి సుఖం. మేళం మొదలై, పిల్లలు పరుగెత్తి, సందడి పెరిగేకొద్దీ అందరూ కలగలిసిపోతారు. ఎవరూ కలవమని చెప్పలేదు. విడివిడిగా కూర్చునే పద్ధతులు కొన్నే, కలిసి కూర్చునే పద్ధతులు అసంఖ్యాకం. నేను లెక్కవేసి చూశాను. ఊరికి ఇద్దరు చొప్పున పదిమంది పది కుర్చీల్లో కూర్చుంటే, ఊళ్ళవారీ అమరికలు 1,13,400. ఊరికి అయిదుగురు చొప్పున పాతిక మంది అయితే ఆరు కోట్ల కోట్లకు పైగా. ఆవగింజంత స్ఫటికంలో ఎన్ని కుర్చీలో మీరే ఊహించండి. వియన్నాలో బోల్ట్‌జ్‌మన్ సమాధి మీద చెక్కిన సూత్రం ఈ లెక్కే. మా వృత్తిలో ఎంట్రోపీ అంటే 1948లో క్లాడ్ షానన్ చెప్పిన సమాచారపు కొలత. అదీ ఇదే లెక్క. ఒక కుర్చీలో ఏ ఊరివాడున్నాడో చెప్పడానికి ఇక్కడ 2.32 బిట్లు కావాలి.

పెళ్ళి సందడి మధ్యలో టక్కున ఫొటో తీస్తే కలిసిన అమరిక అలాగే నిలిచిపోతుంది. ఆక్సైడుని వేడి మీద నుంచి ఒక్కసారిగా చల్లార్చడం అలాంటిదే. విడిపోవడానికి పరమాణువులకి వ్యవధి దొరకదు.

పలుచని పొరలో ఏం జరిగింది

ఇలా ఫొటో తీయడానికి అన్నిటికన్నా అనువైనది పలుచని పొర. 1987లో బెల్‌కోర్ ప్రయోగశాలలో వెంకటేశన్ బృందం అధివాహకాల కోసం వాడి ప్రసిద్ధం చేసిన పద్ధతి ఒకటుంది. గాలి తీసేసిన గదిలో ఆక్సైడు బిళ్ళ మీద లేజరు దెబ్బలు కొడతారు. ఒక్కో దెబ్బకీ కాస్త పదార్థం మంటలాంటి మేఘమై లేచి, ఎదురుగా ఉన్న స్ఫటికం మీద పడి పరుచుకుంటుంది. మేఘంలో అన్ని పరమాణువులూ కలిసే వస్తాయి, పడిన చోటే సర్దుకుంటాయి. కింద ఉన్న స్ఫటికం ముగ్గుకి వేసిన చుక్కల్లా దారి చూపిస్తుంది. పొర మందం నానోమీటర్లలో, అంటే వెంట్రుకలో వెయ్యోవంతు, ఇంకా తక్కువ.

మొదట అయస్కాంత గుణం సంగతి. పైన చెప్పిన అయిదింట్లో మెగ్నీషియం, జింకు రెండూ అయస్కాంతానికి పనికిరావు. అంటే అయిదు కుర్చీల్లో రెండు ఖాళీయే. మిగతా మూడూ కూడా ఏ వరసా లేకుండా ఉన్నాయి. ఇలాంటి గందరగోళంలో అయస్కాంత క్రమం ఏముంటుందనుకుంటాం. కానీ 2019లో న్యూట్రాన్లతో చూస్తే, మైనస్ 160 డిగ్రీల దగ్గర పదార్థమంతటా ఒక క్రమం కనిపించింది. ఒక వరస పైకి, తరవాతి వరస కిందికి. దీన్ని యాంటీఫెర్రో అయస్కాంతత్వం అంటారు. ఎవరు ఏ కుర్చీలో ఉన్నారన్నది అస్తవ్యస్తం. ఎవరు ఎటు తిరిగి ఉన్నారన్నది మాత్రం క్రమబద్ధం.

దీనితో పనేమిటి? 1956లో జనరల్ ఎలక్ట్రిక్‌లో మైకల్‌జాన్, బీన్ ఒక సంగతి గమనించారు. ఇలా పైకీ కిందికీ ఉన్న పొర పక్కన మామూలు అయస్కాంతపు పొర పెడితే, మొదటిది రెండోదాని దిశని బిగించి పట్టుకుంటుంది. హార్డు డిస్కు చదివే తలల్లో ఈ పట్టే వాడారు. 2017లో మిచిగన్ యూనివర్సిటీలో అయిదు ఆక్సైడుల పలుచని పొరని పెర్మల్లాయ్ అనే అయస్కాంత లోహం కింద వేసి చూశారు. చాలా తక్కువ ఉష్ణోగ్రతలో, ఉట్టి కోబాల్టు ఆక్సైడుతో వచ్చే పట్టుకి పది రెట్ల దాకా వచ్చింది. శుద్ధమైనదాని కన్నా కలిపినది గట్టిగా పట్టుకుంది.

ఇక రోధక గుణం. 2016లో ఫ్రాన్సులో బెరార్డాన్, ద్రాగో తదితరులు ఈ ఆక్సైడులలో తక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర అతి పెద్ద రోధక స్థిరాంకం చూశామని రాశారు. ఇలాంటి పెద్ద అంకెలు చూసినప్పుడు కొంచెం ఆగాలి. 2000 సంవత్సరంలో అమెరికాలో కాల్షియం, రాగి, టైటానియంల ఆక్సైడు ఒకటి పదివేల అంకెతో సంచలనం రేపింది. తరవాత తేలినదేమిటంటే, ఆ అంకెలో చాలాభాగం పదార్థం సొంతం కాదు. గింజల మధ్య సరిహద్దుల్లో పలుచని అడ్డుగోడలు ఏర్పడి, పదార్థమే లక్షల బుల్లి కెపాసిటర్లుగా ప్రవర్తించింది. పైగా అలాంటివి దాచిన దానిలో కొంత వేడిగా పారేస్తాయి. పెద్ద అంకె వేరు, నమ్మదగిన కెపాసిటరు వేరు. ఇది అభ్రకం ఎప్పుడో నేర్పిన పాఠం. దాని అంకె చిన్నది, మాట గట్టిది.

అందుకే నాకు 2018, 2022 నాటి ఫలితాలు ఎక్కువ నచ్చాయి. 2018లో టెనెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో బేరియం టైటనేటు పంజరాన్నే తీసుకుని, టైటానియం ఒక్కటే కూర్చునే కుర్చీలో జిర్కోనియం, తగరం, టైటానియం, హాఫ్నియం, నయోబియం అయిదిటినీ సమంగా కూర్చోబెట్టి, ఒకే స్ఫటికంగా పలుచని పొర పెంచారు. నయాగరా పింగాణీకి మనవరాలు అన్నది దీన్నే. 2022లో చైనాలో బిస్మత్ టైటనేటు ఆధారంగా ఇలాంటి కలగలుపు పొరలు చేసి, ఘన సెంటీమీటరుకి 182 జౌళ్ళ శక్తి సాంద్రత, 78 శాతం సామర్థ్యం సాధించారు. అంత శక్తి దాగడానికి కారణం, అస్తవ్యస్తమైన అమరిక వల్ల పొర చాలా ఎక్కువ వోల్టేజిని తూటు పడకుండా ఓర్చుకోవడం. ఇవన్నీ ప్రయోగశాల పొరలు. అంగట్లో కెపాసిటరుగా రావడానికి ఖర్చు, మన్నిక, అన్నీ తేలాలి. బేరియం టైటనేటుకి యుద్ధం తొందర పెట్టింది. వీటికి అలాంటి తొందర రాకూడదనే కోరుకుందాం.

మళ్ళీ అభ్రకం

ఇంటికి తిరిగి వస్తూ దారి పొడుగునా ఈ కథంతా నాన్నకి చెప్పాను. పిల్లలు వెనక సీట్లో నిద్రపోయారు. నాన్న చివరిదాకా విని ఒక్కటే అడిగారు. "అయితే మన రాయికి ఇంక పని లేనట్టేనా?"

ఉంది. పలుచని పొర వెయ్యడానికి కింద ఒక నేల కావాలి కదా. ఆ నేల పరమాణువుల మట్టంలో నున్నగా ఉండాలి, వేడికి తట్టుకోవాలి. మామూలు స్ఫటికాలు గట్టివి, వంచితే విరుగుతాయి. గత పదేళ్ళుగా కొందరు పరిశోధకులు, ముఖ్యంగా తైవానులో యింగ్ హావ్ చూ బృందం, ఆక్సైడు పొరల్ని అభ్రకం రేకు మీద పెంచుతున్నారు. అభ్రకం చీలితే వచ్చే ముఖం ఏ సానా పట్టకుండానే పరమాణువుల మట్టంలో నున్నగా ఉంటుంది. రేకు పలుచన కాబట్టి వంగుతుంది, మీద ఉన్న పొర కూడా దానితో పాటు వంగుతుంది. వంగే కెపాసిటర్లు, వంగే అయస్కాంత మెమరీలు అలా చేసి చూస్తున్నారు. రేకుని చీల్చే పద్ధతి మారలేదు. అంచున గీటు, మెల్లగా ఎత్తడం.

"దానికి ఎంత కావాలి?" అన్నారు నాన్న.

"గోరంత," అన్నాను. గనులు మళ్ళీ తెరుచుకుంటాయని ఆయనకి ఆశ పెట్టడం నాకిష్టం లేకపోయింది.

ఇంటికొచ్చాక నాన్న తన పెట్టెలోంచి ఒక పొట్లం తీశారు. పిల్లలకి చూపించడానికని ఊరి నుంచి తెచ్చిన అభ్రకం ముక్క. మా అమ్మాయి దాన్ని గోటితో చీల్చబోయి విరగ్గొట్టింది. నాన్న ఇంకో ముక్క తీసి, అంచు చూపించి, "ఇట్లా కాదమ్మా, మా అత్త ఇట్లా పట్టుకునేది" అని నేర్పారు. రేకు విడివడి వచ్చింది. నేను దాన్ని దీపం వెలుగుకి ఎత్తి చూశాను. ఒక మూల చిన్న నల్లచుక్క ఉంది. అవ్వ అయితే పక్కకి పడేసేది. నేను దాన్ని దాచుకున్నాను.